చివరి వంద అడుగుల దగ్గర ఆగిన సైబరాబాద్

2022 ఏప్రిల్‌లో మాదాపూర్‌ను ఆనుకుని ఉన్న గుట్టల బేగంపేట వడ్డెర బస్తీలో జనం ఒకరి వెనుక ఒకరు వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. పదుల సంఖ్యలో మనుషులు కొండాపూర్ ఏరియా ఆసుపత్రికి చేరారు. ఒక యువకుడు చనిపోయాడు. నల్లా నీళ్లలో మురుగు కలిసిందని బస్తీ వాళ్లు అన్నారు. తాము పరీక్షించిన నమూనాల్లో తేడా లేదని నగరానికి నీళ్లిచ్చే సంస్థ జలమండలి అంది. ఎవరి మాట నిజమో తేల్చే కాగితం ముక్క మాత్రం బస్తీలో ఎవరి దగ్గరా లేదు.

ఆ పేర్లలోనే ఆ చోటి చరిత్ర ఉంది. ఊరి పేరులో గుట్టలు, బస్తీ పేరులో వడ్డెరలు. రాయి కొట్టడం, మట్టి తవ్వడం తరతరాలుగా వడ్డెరల వృత్తి. హైటెక్ సిటీ లేచింది గ్రానైట్ గుట్టల మీద. 1998 నవంబర్ 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత పాతికేళ్లలో మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మీదుగా కోకాపేట దాకా అద్దాల మేడలు పరుచుకుని సైబరాబాద్ ఐటీ కారిడార్ అయ్యింది. రాయి పగలకుండా ఒక్క పునాదీ పడని నేల అది. ఆ పని చేసే కులం పేరు పెట్టుకున్న బస్తీలో తాగే నీళ్లకే అనుమానం వచ్చింది.

నగరం ఊరికే కూర్చుందని ఎవరూ అనలేరు. 2021లో అప్పటి ప్రభుత్వం 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త మురుగునీటి శుద్ధి కేంద్రాలకు అనుమతి ఇచ్చింది. రోజుకు దాదాపు 126 కోట్ల లీటర్లు శుద్ధి చేయడం వాటి లక్ష్యం. అంతకుముందు నగరానికి ఉన్న సామర్థ్యం 77 కోట్ల లీటర్లు. 2023లో ఐటీ కారిడార్‌లోనే రెండు కేంద్రాలు మొదలయ్యాయి: కోకాపేటలో రోజుకు కోటిన్నర లీటర్లది, దుర్గం చెరువు దగ్గర 70 లక్షల లీటర్లది. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన ఆ చెరువు మురుగుతో, గుర్రపుడెక్కతో కునారిల్లిన రోజుల్ని చూసినవాళ్లకు ఇది చిన్న మార్పు కాదు.

అయితే ఈ లెక్కలన్నీ పైపు పెద్దగా ఉన్న చోటివి. కోట్ల రూపాయలు, కోట్ల లీటర్లు, స్వచ్ఛత ర్యాంకులు అక్కడే కొలుస్తారు. జబ్బు మొదలయ్యేది పైపు సన్నబడిన చోట. ప్రధాన రోడ్డు నుంచి సందులోకి తిరిగి, ఆటో కూడా పట్టని మలుపు దాటి, ఇంటి గడప దాకా వెళ్లే చివరి వంద అడుగుల్లో. ఆ వంద అడుగులకు లెక్కా లేదు, పత్రాల్లో పేరూ లేదు.

ఒకే సందు, రెండు పైపులు

నీళ్లు ఎలా చెడతాయో అర్థం చేసుకోవడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. హైదరాబాద్‌లో చాలా చోట్ల నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. నీళ్లు వదిలినంతసేపూ పైపు నిండుగా, ఒత్తిడితో ఉంటుంది. ఎక్కడైనా చిల్లు ఉన్నా నీరు బయటికి చిమ్ముతుందే తప్ప మురికి లోపలికి రాదు. వాల్వు కట్టేశాక సంగతి తిరగబడుతుంది. ఖాళీ అయిన పైపు తన చుట్టూ ఉన్న తడిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ తడి పక్కన పొంగిన మోరీది అయితే, మళ్లీ నల్లా వచ్చినప్పుడు మొదటి బిందెలోకి దిగేది అదే. ప్రెషర్ చాలక ఎవరైనా నల్లాకు మోటారు బిగిస్తే ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది.

2009 మే నెలలో ముషీరాబాద్ దగ్గరి భోలక్‌పూర్‌లో ఇలాంటి కలుషిత నీరే పలువురి ప్రాణాలు తీసింది. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. అది నగరం నడిబొడ్డున, పాత పైపులున్న ప్రాంతం. ఐటీ కారిడార్ సమస్య వేరు. ఇక్కడ పైపులు పాతవి కాకపోవచ్చు, కానీ ఊరు లేచాక వచ్చాయి.

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వరద కట్టడికి జలాశయాలు సూచించి ఊరుకోలేదు, నగరానికి భూగర్భ డ్రైనేజీ కూడా ఉండాలన్నారు. అప్పటి హైదరాబాద్‌కు ఆ ప్రణాళిక సరిపోయింది. మాదాపూర్, కొండాపూర్ అప్పుడు ఆ గీతల బయట ఉన్న పల్లెలు. గుట్ట మీద పడ్డ వాన చెరువులోకి, ఒక చెరువు అలుగు పోసి మరో చెరువులోకి వెళ్లేది. టవర్లు వచ్చినప్పుడు భూమి రేటు ముందు వచ్చింది, రోడ్డు తర్వాత వచ్చింది, మురుగు పైపు ఆఖరున వచ్చింది. ఈలోగా వాన నీటి నాలాలే మురుగు కాలువలయ్యాయి.

2007 ఏప్రిల్‌లో మాదాపూర్, కొండాపూర్ ఉన్న శేరిలింగంపల్లి సహా 12 మునిసిపాలిటీలను నగరంలో కలిపి నగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీని ఏర్పాటు చేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఈ శివారు సర్కిళ్లలో తాగునీటి పైపు జలమండలిది, మురుగు పైపు జీహెచ్‌ఎంసీది. ఒకే సందులో మూరెడు దూరంలో పడుకున్న రెండు పైపులకు ఇద్దరు యజమానులు. మోరీ పొంగిందని ఒకరికి, నల్లా కంపు కొడుతోందని ఇంకొకరికి ఫిర్యాదు చేయాలి. 2021లో ఈ సర్కిళ్ల మురుగు నిర్వహణను కూడా జలమండలికి అప్పగించారు. తీసుకున్న నిర్ణయం సరైనదే, పద్నాలుగేళ్లు ఆలస్యమైంది. ఇప్పుడు ‘అది మా శాఖది కాదు’ అనే జవాబుకు చోటు లేదు.

గేటెడ్ కమ్యూనిటీల సంగతి వేరు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ తర్వాత 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు పర్యావరణ అనుమతి తప్పనిసరి. దానితో పాటు సొంత మురుగు శుద్ధి ప్లాంటు షరతూ వస్తుంది. తాగడానికి ఇంటింటా ఫిల్టరు, నల్లా రాకపోతే ట్యాంకరు. ఆ ప్రహరీ గోడలకు అవతల బస్తీలో ఉండే అమ్మ పొద్దున్నే వచ్చి ఇక్కడ గిన్నెలు తోముతుంది, పిల్లలకు అన్నం పెడుతుంది. సూక్ష్మజీవికి గేటు దగ్గర విజిటర్ ఎంట్రీ అక్కర్లేదు.

ఆ ముచ్చటను 2020లో నగరంలోని మురుగే చెప్పింది. సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు శుద్ధి కేంద్రాలకు చేరే మురుగులో కరోనా వైరస్ ఆనవాళ్లను కొలిచి, నగరంలో ఆరు లక్షల మందికి పైగా సోకి ఉండవచ్చని ఆగస్టులో అంచనా వేశారు. ఆసుపత్రుల లెక్కలు చెప్పనిది డ్రైనేజీ చెప్పింది. మరి పైపే లేని సందుల మాటేమిటి? వాటి మురుగు ఏ కేంద్రానికీ చేరదు, ఏ అంచనాలోకీ రాదు.

ఇంకో వైపరీత్యం ఉంది. కలుషిత నీటి జబ్బులకు టీకాలు తయారుచేసి ప్రపంచానికి పంపుతున్నది ఈ నగరమే. రోటా వైరస్ విరేచనాలకు, టైఫాయిడ్‌కు హైదరాబాద్ కంపెనీల టీకాలు దేశదేశాలకు వెళ్తున్నాయి. 2024 ఆగస్టులో భారత్ బయోటెక్ కలరా నోటి టీకాను కూడా విడుదల చేసింది. ఆ టీకా కంపెనీలున్న జీనోమ్ వ్యాలీ తయారు చేసే సీసా అవసరం పడేదే మోరీ పొంగిన సందులో.

మూత తీసేవాళ్లు

2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో ఒక మ్యాన్‌హోల్ నలుగురిని మింగింది. పూడిక తీయడానికి దిగినవాళ్లు విషవాయువుకు కుప్పకూలారు. వాళ్లను కాపాడబోయిన మనిషి కూడా తిరిగి రాలేదు. చుట్టూ కంపెనీలు, కాఫీ షాపులు, హాస్టళ్లు. అంతకు మూడేళ్ల ముందే, 2013లో, పాకీపనిని నిషేధిస్తూ పార్లమెంటు చేసిన చట్టం మురుగు గుంతలోకి రక్షణ లేకుండా మనిషిని దించడాన్నీ నేరమంది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఇలా చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. 2025 జనవరిలో హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు గుంతలు శుభ్రం చేయించడాన్ని ఆపాలని ఆదేశించింది.

ఆ కోర్టు పోరాటానికి మూలం తెలుగు ఇళ్లలోనే ఉంది. పాకీపనికి వ్యతిరేకంగా కోర్టుకెక్కిన సఫాయి కర్మచారీ ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో స్థిరపడిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టారు. ఆ ఉద్యమానికి అండగా నిలిచింది ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్. అయ్యప్ప సొసైటీ దుర్ఘటన జరిగిన ఏడాదే విల్సన్‌కు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

హైదరాబాద్ ఒక మంచి జవాబు కూడా కనిపెట్టింది. పెద్ద జెట్టింగ్ యంత్రాలు బస్తీ సందుల్లో పట్టవు. పట్టని చోటే మనిషిని దించుతారు. 2017 జూన్‌లో జలమండలి దళిత పారిశ్రామికుల సంఘం డిక్కీతో కలిసి 70 మినీ జెట్టింగ్ యంత్రాలను రోడ్డెక్కించింది. చిన్న లారీ మీద బిగించిన ఆ యంత్రం ఇరుకు గల్లీలోకి వెళ్లి ఒత్తిడితో నీటిని కొట్టి పూడిక వదిలిస్తుంది. తరతరాలుగా ఈ పనిని ఎవరి నెత్తిన రుద్దారో, ఆ వర్గాల వాళ్లనే యంత్రాలకు యజమానులను చేయడం దానిలోని అసలు విశేషం.

కానీ ఆ యంత్రం వచ్చేది జలమండలి పైపు ఉన్న చోటికి. అపార్ట్‌మెంటు వెనక సెప్టిక్ ట్యాంకుకు దాని లెక్క వర్తించదు. 2021 నవంబరులో కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయబోయి ఇద్దరు చనిపోయారు. కరెంటు స్తంభం మీద అంటించిన కాగితంలోని ఫోన్ నంబరుకు చేసే ఒక కాల్‌తో ఈ పని కుదిరిపోతుంది. ఆ ట్యాంకరు ఆ మురుగును ఎక్కడ పారబోస్తుందో చాలాసార్లు ఎవరూ అడగరు. వరంగల్ ఈ ప్రశ్న ముందే వేసుకుంది. అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ సహకారంతో 2016లోనే సెప్టిక్ ట్యాంకుల మురుగుకు నిబంధనలు తెచ్చి, ట్యాంకర్లకు లైసెన్సు పెట్టి, ఆ తర్వాత తెచ్చి పోయడానికి శుద్ధి కేంద్రం కట్టింది. 3,866 కోట్ల ప్రణాళిక వేసిన నగరం ఈ ఒక్కటీ ప్రతి ట్యాంకరుకూ అమలు చేసినా కొన్ని ప్రాణాలు మిగులుతాయి.

తాళం వేసిన తలుపు

మరుగుదొడ్ల లెక్కలోనూ ఇదే తీరు. 2020 ఆగస్టు 15 నాటికి మూడు వేల కొత్త పబ్లిక్ టాయిలెట్లు కట్టాలని జీహెచ్‌ఎంసీ లక్ష్యం పెట్టుకుంది. ఫుట్‌పాత్‌ల మీద రెడీమేడ్ గదులు వరుసగా వెలిశాయి. బహిరంగ మలవిసర్జన లేని నగరంగా గుర్తింపూ దక్కింది. ఏడాది తిరిగేసరికి చాలా చోట్ల తలుపుకు తాళమో, ట్యాంకులో నీళ్లు లేకపోవడమో, పంపు విరిగిపోవడమో. కట్టడానికి ఒక టెండరు, కడగడానికి ఇంకో టెండరు. మొదటిదానికి శిలాఫలకం ఉంటుంది.

శిల్పారామం దగ్గర 2018లో మొదలైన ‘లూ కేఫ్’ దీనికి ఒక ఉపాయం చూపింది. టీ, టిఫిన్ అమ్మే కొట్టు, పక్కనే ఉచిత టాయిలెట్. కొట్టు సంపాదన టాయిలెట్ నిర్వహణకు. ఆలోచన తెలివైనది, చాలా చోట్ల పాకింది. అయితే అది నడిచేది చేతిలో డబ్బులున్న జనం తిరిగే చోట. పొద్దున్నే కూలీల అడ్డా దగ్గర నిలబడే ఆడవాళ్లకు, రాత్రి పన్నెండింటికి ఆర్డరు కోసం బండి మీద కూర్చున్న డెలివరీ కుర్రాడికి, ఎయిర్‌పోర్టు ట్రిప్పు కోసం ఎదురుచూసే క్యాబ్ డ్రైవర్‌కు ఆ కొట్టు లెక్క సరిపోదు. టాయిలెట్ దొరకదని పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా పనిచేసే మహిళలకు మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. అది ఆసుపత్రి రిజిస్టర్‌లో పడుతుంది కానీ పారిశుద్ధ్యం ఖాతాలో పడదు.

టవర్లు కట్టే కూలీల శిబిరాలు ఇంకా కంటికి కనిపించనివి. 2020 మే 1న లాక్‌డౌన్‌లో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది ఐటీ కారిడార్ అంచున ఉన్న లింగంపల్లి స్టేషన్ నుంచే. దాదాపు 1,200 మంది కార్మికులతో జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. అందులో ఎక్కువమంది కందిలోని ఐఐటీ నిర్మాణంలో పనిచేసినవాళ్లు. ఇంతమంది మన పక్కనే రేకుల షెడ్లలో బతుకుతున్నారని చాలామందికి ఆ రోజే తెలిసింది. కట్టే చోట మరుగుదొడ్లు, ఉండే చోట వంటకు, స్నానానికి, బట్టలు ఉతకడానికి వసతి, 50 మంది కంటే ఎక్కువ మహిళలుంటే పిల్లలకు గది: ఇవన్నీ 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం అప్పుడే రాసి పెట్టినవి. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వాళ్ల సంక్షేమం పేరుతో వసూలవుతూనే ఉంది.

భూమి ఎవరిదైనా మురుగు అందరిదీ

అధికారుల వైపు నుంచి వినిపించే అడ్డంకులు రెండు. ఒకటి, బస్తీ భూమికి పట్టా లేదు, చెరువు శిఖమో, వివాదమో ఉంది. పైపు వేస్తే హక్కు ఒప్పుకున్నట్టవుతుందన్న భయం. అహ్మదాబాద్ 1990ల్లోనే ఈ ముడి విప్పింది. బస్తీలకు పదేళ్ల దాకా ఖాళీ చేయించబోమన్న హామీ మాత్రమే ఇచ్చి, పట్టా ఊసెత్తకుండా, ఒక్కో ఇంటి నుంచి 2,000 రూపాయలు వాటాగా తీసుకుని నల్లా, డ్రైనేజీ, రోడ్డు, దీపాలు ఇచ్చింది. హైదరాబాద్‌లో కరెంటు మీటరు పట్టా అడిగి పెట్టడం లేదు. మురుగు పైపుకే ఆ మడి ఎందుకు?

రెండోది రాయి. గ్రానైట్ నేలలో లోతుగా తవ్వడం ఖరీదు, ఇరుకు సందులో పేల్చడం ప్రమాదం. బ్రెజిల్‌లో 1980ల్లో నటాల్ నగరపు మురికివాడలు, ఆ తర్వాత రాజధాని బ్రసీలియా దీనికి దారి చూపాయి. ప్రతి ఇంటినీ రోడ్డు మధ్య లోతైన పైపుకు విడివిడిగా కలపకుండా, సన్నని గొట్టాలను తక్కువ లోతులో ఇళ్ల పెరళ్ల గుండా, గోడల వారగా తీసుకెళ్లి ఒక చోట పెద్ద పైపులో కలిపారు. బరువైన వాహనాలు తిరగని చోట లోతు అవసరం లేదన్నది అక్కడి సూత్రం. అలాంటి సన్న పైపులను శుభ్రం చేయగల మినీ యంత్రాలు ఇక్కడ 2017 నుంచీ ఉన్నాయి. కరాచీలోని ఓరంగిలో అక్తర్ హమీద్ ఖాన్ 1980లో మొదలుపెట్టిన ప్రయత్నంలో సందులోని పైపు ఖర్చు ఆ సందు వాళ్లే పెట్టుకున్నారు. ఆ భారాన్ని మన బస్తీల మీద వేయనక్కర్లేదు. కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సంస్థలు ఈ కారిడార్‌లో ఎన్నో ఉన్నాయి. చట్టం చూపిన పద్దుల్లో పారిశుద్ధ్యమూ ఉంది. కొత్త టాయిలెట్ గదికి రంగులు వేసి ఫొటో దిగే బదులు, ఒక బస్తీ సందుల పైపులకు పదేళ్ల నిర్వహణ ఖర్చు పెట్టుకోవచ్చు.

చేయగలిగిన వాటిలో ఖరీదు లేనివీ ఉన్నాయి. భవన అనుమతులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి. కార్మికుల శిబిరంలో నీళ్లున్న మరుగుదొడ్ల ఫొటో, మురుగు ఎక్కడికి పోతోందన్న వివరం ఆ దరఖాస్తులో తప్పనిసరి చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. టాయిలెట్ కాంట్రాక్టరుకు కట్టిన గదుల లెక్కన కాకుండా తెరిచి ఉంచిన గంటల లెక్కన డబ్బు ఇవ్వొచ్చు. అపార్ట్‌మెంటు సంఘాలు లైసెన్సు ఉన్న సెప్టిక్ ట్యాంకరును మాత్రమే పిలవాలన్న నియమం పెట్టొచ్చు.

అన్నిటికంటే చవకైనది నీటి పరీక్ష. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది దేశ ప్రమాణం. దాన్ని చూడటానికి ల్యాబు అక్కర్లేదు. చిన్న గాజు గొట్టంలో నల్లా నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేస్తే, క్లోరిన్ ఉన్నంత మేర పసుపు రంగు తిరుగుతుంది. అసలు తిరగకపోతే ఆ నీళ్లు తాగకూడదు, ఆ లైన్‌లో ఎక్కడో మురుగు చేరి క్లోరిన్‌ను తినేస్తోందేమో వెతకాలి. లైన్‌మన్‌కు ఐదు నిమిషాల పని. ఈ పరీక్షను సందు మొదట్లో కాకుండా ఆఖరి ఇంటి నల్లా దగ్గర చేసి, తేదీ, సమయం, సందు పేరు, అంకె దగ్గరలోని బస్తీ దవాఖానా గోడ మీద పలకపై తెలుగు, ఉర్దూ, హిందీల్లో రాయొచ్చు. దవాఖానాకు విరేచనాలతో ఎంతమంది వచ్చారన్న అంకె కూడా దాని పక్కనే రాస్తే, ఏ సందులో పైపు తవ్వి చూడాలో ఇంజినీరుకు చెప్పే పని ఆ పలకే చేస్తుంది.

2022 ఏప్రిల్‌లో అలాంటి పలక ఒకటి గుట్టల బేగంపేటలో ఉండి ఉంటే, నీళ్లదే తప్పని బస్తీ వాళ్లు, నీళ్లు బాగానే ఉన్నాయని జలమండలి వాదించుకోవాల్సి వచ్చేది కాదు. మొదటి మనిషి మంచం పట్టిన పొద్దున ఆఖరి నల్లా దగ్గర క్లోరిన్ ఎంత ఉందో ఇద్దరూ వెళ్లి చూసుకునేవారు.